పొదిలి వచ్చేదాకా

నేను ఒక బ్రేకు పెడల్ని. అందరూ తొక్కే బ్రేకును కాదు, రెండోదాన్ని. డ్రైవింగ్ స్కూలు కారు ఎప్పుడైనా ఎక్కితే చూడండి. ఎడమ సీటు ముందర, మామూలు కార్లలో చెప్పులు విడిచి కాళ్ళు చాపుకునే చోట, అరచేయంత ఇనుప పలక ఒకటి ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతుంటే, నేర్పేవాళ్ళు ఇటు కూర్చుని నా మీద కాలు పెట్టుకుంటారు. కారు ఎవరిదని అడుగుతారు, మాస్టారు ఎవరని అడుగుతారు, నా సంగతి ఎవరూ అడగరు. అడక్కపోయినా చెబుతాను. ఒక మనిషిని ప్రాణాపాయం దాకా తీసుకెళ్ళిన పనిలో నాకూ భాగముంది, అది చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. అంతకుముందు నేను లారీ చక్రాల పైన బరువు మోసే కమాను పట్టీని. ఆ లారీ ఇంకో లారీ వెనక భాగంలోకి దూరిపోయి, బాగుచేయడానికి వీలుకాక తుక్కుకు వచ్చింది. దాని డ్రైవరు ముందు బండిని అంటిపెట్టుకుని పోయాడట. ముందు బండి ఆగింది, ఇతను ఆగలేకపోయాడు. ఆ పట్టీలో ఒక ముక్క కోసి, కాల్చి, వంచి, గరుకు రబ్బరు తొడిగి నన్ను బ్రేకుగా చేశారు. ఆగలేక చచ్చిన బండి ఇనుము నలుగురినీ ఆపే పనిలో చేరింది. మనుషులు ఇలాంటి వింతలు రోజూ చేస్తూనే ఉంటారు, చేశామని మాత్రం వాళ్ళకు తెలియదు.

నన్నొక తెల్ల చిన్న కారులో బిగించి, ఒక కడ్డీతో అసలు బ్రేకుకు కలిపారు. ఈ కడ్డీ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. అటు డ్రైవరు తొక్కితే ఇటు నేనూ కిందికి దిగుతాను. ఇటు నన్ను తొక్కితే అటు అసలు బ్రేకూ దిగుతుంది. రెండు కాళ్ళలో ఏది ముందు తొక్కిందో కారుకు తెలియదు, చక్రాలకు తెలియదు. నాకు మాత్రం తెలుస్తుంది.

ఒంగోలులో నా మొదటి యజమాని కోటిలింగం. నోరు పెద్దది, కాలు అంతకన్నా పెద్దది. శిష్యులు ముందు బండికి దగ్గరగా పోతే బూటుకాలితో దబీమని నన్ను తొక్కేవాడు. సీటు బెల్టు భుజానికి కోసుకుపోయేది. ఆ తరువాత తిట్లు మొదలయ్యేవి. ఒక టీచరమ్మ అయితే నడిరోడ్డు మీద స్టీరింగు వదిలి దిగిపోయి, ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. సగం మంది అలాగే మానేసేవారు. మిగిలిన సగానికి ఒక విషయం మాత్రం బాగా తెలిసేది, బండిని ఆపింది తాము కాదని.

ఆ టీచరమ్మ దిగిపోయిన రోజు వెనక సీట్లో కూర్చుని చూసిన మనిషి ఖాశింపీరా. అప్పటికి ఆయన కోటిలింగం దగ్గర పని నేర్చుకుంటున్నాడు. కోటిలింగం నడుము నొప్పితో స్కూలు మానుకున్నప్పుడు కారునూ నన్నూ ఈయనే తీసుకున్నాడు. పీరా మాస్టారు మెత్తని మనిషి. నా చేతిలో ఎవరూ ఏడవకూడదని ఆ రోజే అనుకున్నాడట. అనుకోవడం వరకూ మంచిదే. దాన్ని ఆచరించిన పద్ధతితోనే అసలు చిక్కు వచ్చింది.

కారు ఎక్కగానే ఆయన చెప్పులు విడిచి సీటు కిందికి తోసేవాడు. ఉత్త పాదం నా మీద ఆనించేవాడు. శిష్యులు ముందు బండికి దగ్గరవుతుంటే బొటనవేలితో, మెల్లగా, ఇస్త్రీ బట్ట మీద చెయ్యి వేసినంత నెమ్మదిగా నన్ను నొక్కేవాడు. అప్పటికి అవతలివాళ్ళ కాలు కూడా కంగారుగా బ్రేకు మీదికి వచ్చి ఉంటుంది. పెడల్ తమ పాదం కిందే దిగుతుంది కాబట్టి తామే తొక్కామనుకుంటారు. కారు చక్కగా ఆగుతుంది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, బాగా ఆపావమ్మా అంటాడు. వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి. పదకొండేళ్ళలో కారుకు ఒక్క గీత పడలేదు, ఒక్క శిష్యుడూ మానలేదు. ఊళ్ళో ఆయన పేరు మారుమోగింది. అందులో నాకూ వాటా ఉందని నేనూ ఉబ్బిపోయాను. ఆ ఉబ్బు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

సువార్తమ్మ వచ్చింది అలాంటి రోజుల్లోనే. చీమకుర్తి మనిషి, ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. భర్త ఏసోబు పదహారేళ్ళు గ్రానైటు లారీ తోలినవాడు. అతని మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు, సోమ బుధ శుక్రవారాల్లో, ఒంగోలు వచ్చి నాలుగేసి గంటలు మంచం మీద పడుకుని రక్తం శుద్ధి చేయించుకోవాలి. రావడం ఎలాగో వస్తాడు, పోయేటప్పుడే కష్టం. డయాలసిస్ అయ్యాక కళ్ళు తిరిగి, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడలేక రెండుసార్లు పడిపోయాడు. రెండోసారి పడ్డాక మూడు రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు. డాక్టరు ఇక బస్సు వద్దన్నాడు. ఇంటి ముందు వాళ్ళ పాత కారు ఒకటుంది, తోలే మనిషే లేడు. అందుకని ఆమె నేర్చుకోవడానికి వచ్చింది. సరదా కోసం కాదు. ఆమె తోలితే భర్త బతుకుతాడు, తోలకపోతే ఏమవుతుందో ఆమె ఎవరికీ చెప్పేది కాదు.

మాస్టారు మనసుపెట్టి నేర్పాడు, ఆ మాట అబద్ధం చెప్పకూడదు. బజారులో ముప్ఫై, ఊరు దాటాక నలభై, చెయ్యి కుదిరాక యాభై, ఎంత ఖాళీ రోడ్డయినా అరవై దాటగూడదన్నాడు. నలభైలో ఆగటానికి ఎంత రోడ్డు కావాల్నో ఎనభైలో దానికి రెండింతలు కాదు, నాలుగింతలు కావాలని చాక్‌పీసుతో స్కూలు అరుగు మీద గీతలు గీసి చూపించాడు. ముందు బండికి ఎంత దూరంలో ఉండాలో తెలియడానికి ఆయన దగ్గర ఒక సొంత లెక్క ఉంది. అది ఒంగోలులో ఆయన శిష్యులు తప్ప ఇంకెవరూ వాడరు.

"ముందు బండి ఏదో ఒక స్తంభం దాటుద్ది గదా, అప్పుడు మొదలుపెట్టు," అన్నాడు. "ఒంగోలు... చీమకుర్తి... పొదిలి. నిదానంగా అనాల. పొదిలి పూర్తయ్యేదాకా మన బండి ఆ స్తంభం కాడికి పోగూడదు. పోయిందంటే దగ్గరున్నట్టు. యాక్సిలేటరు మీద కాలు తియ్. కన్ను చూసి కాలు కదిలేలోపే ఒంగోలు అయిపోద్ది అమ్మా. ఆపుకోటానికి మనకు మిగిలేది చీమకుర్తి, పొదిలే."

వానొస్తేనో, పెద్ద లారీ వెనక పోతుంటేనో మార్కాపురం కూడా కలుపుకోవాలన్నాడు. ఆ రోడ్డు మీద బస్సు ఎక్కినవాళ్ళకు ఆ ఊళ్ళ వరస పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఒక్కో పేరుకు ఒక్కో సెకను పడుతుంది. సువార్తమ్మకు ఈ లెక్క బాగా నచ్చింది. నలభైలో పోతున్నంతసేపూ చక్కగా చెప్పేది.

యాభై దాటిన రోజు నుంచి అసలు సంగతి బయటపడింది. ఎదురుగా గ్రానైటు లారీ, పక్కన హారన్ కొట్టే బస్సు, వెనక నుంచి మీదికొచ్చే మోటారుసైకిళ్ళు. ఆమె గుండె కొట్టుకునే కొద్దీ నోరు కూడా పరుగెత్తేది. ఒంగోలుచీమకుర్తిపొదిలి అని, బస్సు కదిలిపోతుంటే కండక్టరు అరిచినట్టు ఒక్క ఊపిరిలో అనేసేది. మూడు ఊళ్ళూ ఒక సెకనున్నరలో అయిపోయేవి. స్తంభం ఇంకా రాలేదు కాబట్టి దూరం సరిపోయిందనుకునేది. లారీ వెనక పలక అద్దం నిండా పెరుగుతూ వచ్చేది. అప్పుడు మాస్టారి బొటనవేలు నా మీద ఒత్తుకునేది. ఆ పాదం చెమట నాకు తగిలేది. పైన మాత్రం గొంతులో ఏ వణుకూ లేకుండా, బాగా ఆపావమ్మా అనేవాడు.

ఆ మాట విని ఆమె తన లెక్కే తనను కాపాడిందనుకునేది. ఒకసారి కాదు, ఇరవై ఆరు రోజుల పాఠంలో అరవై ఒక్కసారి. నేను లెక్కపెట్టాను, నాకు వేరే పనేముంది.

లైసెన్సు పరీక్ష రోజు ఆమె ఎనిమిది అంకెలా తిప్పింది, వెనక్కి తీసింది, గట్టు మీద ఆపి మళ్ళీ కదిలించింది. ఒక్క తప్పూ లేకుండా పాసయింది. ఆ ట్రాకు మీద ఆమె ముందు ఇంకో బండి లేదు. కడ్డీ ఇవతల నేను గిలగిలలాడాను. ఇనుముకు నోరుంటే ఆ రోజే అరిచి ఉండేదాన్ని. మాస్టారికి నోరుంది, ఆయనా అరవలేదు. స్వీటు డబ్బా అందుకుని, చేతిలో పట్టుకుని, ఏదో చెప్పబోయి, చల్లగా ఉండమ్మా అని ఊరుకున్నాడు. రేపు చెబుదాం అనుకున్నాడని నాకు తెలుసు. ఆ రేపు ఆయనకు మూడు వారాలుగా వాయిదా పడుతూనే ఉంది.

సోమవారం నుంచి ఆమె సొంత కారులో భర్తను తీసుకురావాలి. దానికి ముందు శుక్రవారం ఆమె మాస్టారిని ఒక కోరిక కోరింది. ఏసోబు డయాలసిస్ అయ్యాక ఈ కారులోనే చీమకుర్తి దాకా తను తోలుతుందట, మాస్టారు పక్కన ఉంటే చాలట, భర్త వెనక సీట్లో కూర్చుని చూస్తాడట. అతనికి కూడా ధైర్యం రావాలి గదా మాస్టారూ అంది. ఆయన సరేనన్నాడు. ఇదే చివరి అవకాశమని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

పదకొండు గంటలకు ఏసోబు వచ్చాడు. చేతికి పట్టీ, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆమె సీటు వెనకే ఒరిగి కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు, నిద్రపోతున్నాడని అందరూ అనుకున్నాం.

కర్నూలు రోడ్డు పట్టి ఊరు వదిలాక లారీలు మొదలయ్యాయి. ఒక్కో లారీ మీద రెండు మూడు నల్లరాతి దిమ్మెలు, ఒక్కోటి చిన్న గది అంత. ఆమె యాభై ఐదులో ఉంది. ఒంగోలుచీమకుర్తిపొదిలి. మాస్టారి వేలు నన్ను నొక్కింది. కారు నెమ్మదించింది. బాగా ఆపావమ్మా అన్నాడు. రెండు కిలోమీటర్లు పోయాక మళ్ళీ అదే. ఈసారి లారీ వెనక పలక మీద ఇనుప బోల్టులు కూడా కనిపించేంత దగ్గరకు వెళ్ళాం. ఆయన వేలు చాలక పాదమంతా వేశాడు. మూడోసారి ఒక ట్రాక్టరు వెనక. ఆమె వేగం తగ్గిందని సంతోషపడి, చూశావా, ఇప్పుడు నాకు అలవాటైపోయిందని వెనక్కి భర్తతో అంది.

ఏసోబు కళ్ళు తెరిచే ఉన్నాయి.

"మాస్టారూ," అన్నాడు నీరసంగా. "ఆ కాలు పైకి తీసుకోండి."

సువార్తమ్మ ఏ కాలు అని అడిగింది.

"ఇప్పటిదాకా బండి ఆపిన కాలు," అన్నాడు ఏసోబు. "నీ భుజం కదలకముందే బండి ఆగతా ఉంది. మాస్టారి మోకాలు లేచినప్పుడల్లా ఆగతా ఉంది. పదహారేళ్ళు తోలినోణ్ణి, నాకా మాత్రం తెలీదా?"

ఆమె ఇండికేటరు వేసి, రోడ్డు పక్కన లారీలు తూచే కాటా దగ్గర ఖాళీ స్థలంలోకి కారు తిప్పి ఆపింది. ఆ ఆపడం ఆమెదే. ఇంజను కట్టేసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ఎదురుగా చూస్తూ ఎన్నిసార్లు మాస్టారూ అని అడిగింది. ఈ పూట మూడుసార్లు అని ఆయన చెప్పాడు. మొత్తం ఎన్నిసార్లు అని అడిగింది. ఆయన తల వంచుకుని నా వైపు చూశాడు. నన్ను చూస్తే నేను చెబుతాననా? పదకొండేళ్ళలో ఆ మనిషి ముఖం అలా చిన్నబోవడం నేను చూడలేదు.

కోటిలింగం దగ్గర దిగిపోయిన టీచరమ్మ సంగతి చెప్పాడు. భయపడితే మీరూ మానేస్తారనుకున్నానన్నాడు. చెప్పాలని రోజూ అనుకున్నానన్నాడు. అన్నీ నిజాలే, అందులో ఒక్కటీ ఆమెకు పనికొచ్చేది కాదు. ఆమె కోపంగా ఆయన వైపు తిరిగింది. నాకు మాత్రం ఆ కోపంలో భయమే ఎక్కువ వినిపించింది.

"సోమవారం నా కారులో ఆ కాలు యాడుంటది మాస్టారూ?" అంది. "మా ఆయన్ని కూర్చోబెట్టుకుని నేను పోయి ఆ రాతి కింద దూరితే మీరు వచ్చి ఆపుతారా?"

కాటా మీదికి ఒక లారీ ఎక్కుతుంటే నేల అదిరి, ఆ అదురు కారులోకి కూడా వచ్చింది. ఏసోబు సీసాలో నీళ్ళు గొంతు తడిసే వరకే తాగాడు, అంతకు మించి తాగకూడదట. పోనీ బస్సుకే పోదాంలే, కింద కూర్చుంటాలే అన్నాడు. ఆ మాట అనడంలో ఎగతాళి లేదు, అలసట ఉంది. ఆమె అద్దంలో అతని ముఖం చాలాసేపు చూసింది. తరువాత అతన్నే అడిగింది, లారీవాళ్ళకు వెనక బండి సంగతి ఎట్టా తెలుస్తదని.

"అద్దంలో కనపడితే తెలుస్తది," అన్నాడు. "నువ్వు ఇందాక పోయినంత దగ్గర పోతే నువ్వు నా అద్దంలోనే లేవు. నా లెక్కలో నువ్వు ఆ రోడ్డు మీదే లేవు. నాకు అడ్డమొస్తే నేను పక్కకు కోసేస్తా. నా ముందు ఏముందో నీకు అప్పుడే కనపడేది. ముందు నాకు నీ ముఖం కనపడేంత దూరంలో ఉండు. ఆ ఊళ్ళ పేర్లు బస్సు దిగి నడిచిపోయేదానిలాగా చెప్పు, బస్సు వెంట పరుగెత్తేదానిలాగా కాదు."

ఆమె తాళం తిప్పింది. మాస్టారి వైపు చూడకుండా, కాళ్ళు పైకి పెట్టుకోండి అంది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, రెండు కాళ్ళూ సీటు మీదికి మడిచి బాసింపట్టు వేసుకున్నాడు. బెల్టు బిగించుకుని తలుపు మీది పిడి గట్టిగా పట్టుకున్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి, కదిలే కారులో నా మీద ఏ పాదమూ లేదు. ఎంత తేలికగా ఉండాలి నాకు? కానీ నా ఇనుమంతా బిర్రబిగుసుకుపోయింది.

మళ్ళీ ఒక గ్రానైటు లారీ. ఆమె నలభై ఐదు దాటనివ్వలేదు. లారీ ఒక కరెంటు స్తంభం దాటింది. ఒంగోలు. ఊపిరి తీసుకుంది. చీమకుర్తి. మళ్ళీ ఊపిరి. పొదిలి. ఆ పేరు పూర్తికాకముందే స్తంభం పక్కకు వచ్చేసింది, ఇంకా దగ్గరగానే ఉన్నాం. ఆమె యాక్సిలేటరు మీద కాలు తీసింది. తరువాతి స్తంభం దగ్గర మార్కాపురం కూడా పూర్తయ్యాకే మేం చేరుకున్నాం. లారీ అద్దంలో డ్రైవరు తువ్వాలు కట్టుకున్న తల కనపడుతోందని ఆమె పైకే చెప్పింది.

అంత ఖాళీ చూసి ఊరుకుంటారా మనుషులు? వెనక కారువాడు హారన్ కొట్టి కొట్టి, మమ్మల్ని దాటి ఆ ఖాళీలో దూరాడు. పోతూ పోతూ తల తిప్పి ఏదో అన్నాడు కూడా. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఇలాంటప్పుడే అందరూ పంతానికి పోయి ముందుకు తొక్కుతారు, నాకు బాగా తెలుసు. ఆమె వేగం తగ్గించింది. మళ్ళీ ఒంగోలు నుంచి మొదలుపెట్టింది. ఆ కారువాడు లారీని కూడా దాటి పోయాక, పాల క్యాన్ల మోటారుసైకిలు ఒకటి అదే ఖాళీలో వచ్చింది. మళ్ళీ ఒంగోలు. అదీ వెళ్ళిపోయింది. నాలుగోసారీ మొదటి నుంచే చెప్పింది. వెనక నుంచి ఏసోబు ఊపిరి వినపడుతోంది.

చీమకుర్తి ఇంకా మూడు కిలోమీటర్లుంది. రోడ్డు కొద్దిగా దిగువకు పోతోంది. ముందు లారీ ఏ సైగా లేకుండా కుడివైపుకు కోసింది. దాని చోట ఇంకో లారీ ఉంది. అది కదలడం లేదు. ఇరుసు విరిగి రోడ్డు మీదే కూలబడింది, వెనక రెండు రాళ్ళూ ఒక వేపకొమ్మా పెట్టి ఎవరో హెచ్చరిక అనిపించారు. ఎదురుగా ఎర్ర బస్సు వస్తోంది, కుడివైపు తిరిగే చోటు లేదు. ఎడమ పక్కన రోడ్డు అంచు దిగితే గుంట.

ఆ క్షణంలో పైన ఏం జరుగుతోందో నాకు పట్టలేదు. కడ్డీ ఒక్కటే నాకు కన్ను. అది కదలలేదు. ఒంగోలు అంతా గడిచిపోయింది, అది కదలలేదు. తరువాత కదిలింది. అటు నుంచి, ఆమె వైపు నుంచి, ఒక్క కుదుపుతో కాకుండా గట్టిగా, ఆగకుండా లాగింది. నేను కిందికి దిగాను. ఇంకా దిగాను. ఎప్పుడూ దిగనంత దాకా దిగాను. టైర్లు కీచుమన్నాయి, సీటు కింది నుంచి మాస్టారి చెప్పులు జారి వచ్చి నాకు తగిలాయి. అప్పుడు ఆయన పాదం పడింది. మడత విప్పుకుని, గాలిలోంచి వచ్చి, నా మీద పడింది. నేను అప్పటికే కింద ఉన్నాను. ఆయన తొక్కడానికి ఏమీ మిగల్లేదు. కారు ఆగిపోయి ఉంది.

వేపకొమ్మకూ మా కారు ముక్కుకూ మధ్య రెండు మంచాలు వేసేంత చోటు ఉందని తరువాత ఏసోబు చెప్పగా విన్నాను. ఎర్ర బస్సు పక్క నుంచి హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. సువార్తమ్మ కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది, కడ్డీ వెంట ఆ బరువు నాకు అందుతోంది. మాస్టారు తన పాదం వైపు చూసుకుని, నెమ్మదిగా నా మీద నుంచి తీసేశాడు. బాగా ఆపావమ్మా అనలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని, హెచ్చరిక దీపాలు వేసి, ఎదురు బండ్లన్నీ పోయేదాకా ఆగి, పక్క నుంచి తీసింది. ఇంటికి చేరేసరికి ఏసోబు నిజంగానే నిద్రపోయాడు.

మర్నాడే మాస్టారు నాకు ఒక బజరు తగిలించాడు. ఆయన కాలు తగిలితే చాలు, కారంతా కీ మని మోగుతుంది, ఇటు నుంచి తొక్కినప్పుడు మాత్రమే. శిష్యులు ఉలిక్కిపడేవారు. ఇది నేను ఆపింది, నువ్వు కాదు అని ఆయన మెత్తగానే చెప్పేవాడు. తిట్టేవాడు కాదు. ఇద్దరు ముగ్గురు నొచ్చుకుని మానేశారు, ఊళ్ళో పేరు కొంచెం తగ్గింది. పరీక్ష పాసైనా సరే, బజరు మోగకుండా చీమకుర్తి దాకా పోయి రాకపోతే పాఠం పూర్తి కాలేదనేవాడు. ఆ లెక్కన కొందరికి రెండు నెలలు పట్టేది. నన్ను తొక్కడం తగ్గిన కొద్దీ నా పని బాగా జరుగుతున్నట్టని ఆ రోజుల్లోనే నాకు అర్థమైంది.

కారుకు వయసు మీరింది. పోయిన ఏడాది దాన్ని తుక్కుకు ఇచ్చేశారు. మాస్టారు కొత్త కారులో కొత్త పెడల్ బిగించుకున్నాడు, దానికి బజరు మొదటి రోజు నుంచే ఉంది. నన్ను ఊడదీసి ఇక్కడ, చీమకుర్తి రోడ్డు పక్కన పాత ఇనుము కొట్లో, రేడియేటర్ల మధ్య పడేశారు. రబ్బరు ఊడిపోయింది, బొటనవేలు ఆనిన చోట ఇనుము నున్నగా అరిగి ఉంది. నాకు రోడ్డు కనపడదు. వినపడుతుంది.

సోమ బుధ శుక్రవారాల్లో, పదకొండున్నర ప్రాంతంలో నేను చెవులు రిక్కిస్తాను. లోడు లారీ ఒకటి నేల అదరగొడుతూ పోతుంది. దాని వెనకే బర్రుమని ఏదైనా బండి వస్తే అది ఆమె కాదు, ఎవరో తొందరపాటు మనిషి. వాళ్ళ కోసం కిందికి దిగాలనిపిస్తుంది, చేసేదేమీ లేదు. ఒక్కోసారి మాత్రం లారీ పోయాక ఏమీ వినపడదు. నేను చెప్పుకోవడం మొదలుపెడతాను. ఒంగోలు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. చీమకుర్తి. ఇంకా ఏమీ లేదు. పొదిలి. మార్కాపురం. అప్పుడు, ఫ్యాను బెల్టు కాస్త కిచకిచలాడే పాత కారొకటి తొందర లేకుండా కొట్టు ముందు నుంచి వెళ్ళిపోతుంది. ఎడమ సీట్లో ఎవరున్నారో నాకు కనపడదు. కానీ వారానికి మూడుసార్లు వెళుతోంది కాబట్టి, ఏసోబు ఉన్నాడనే అనుకుంటాను.